నాలుగో అంతస్తులో నిబ్బరం

మా ఏడో నంబరు భవనంలో నరాల బిళ్ళలు వేసుకునేవారు ఒక్కరు కూడా లేరని పాఠకలోకానికి ముందుగా సగర్వంగా తెలియజేస్తున్నాము. మేము వేసుకునేదల్లా సగం. మధ్యలో గీత ఉన్న ఆ బుల్లి బిళ్ళను బొటనవేళ్ళ గోళ్ళతో టక్కున విరిచి, ఒక సగం నోట్లో వేసుకుని, రెండో సగాన్ని రుమాలు కొంగున ముడివేసి దాచుకుంటాము. సగం అనేది మందు కిందికి రాదు. ఈ సంగతి సెర్బియా దేశంలో ఏ పసివాణ్ణి అడిగినా చెబుతాడు. పొద్దున సగం, భోజనం ముందు సగం, టీవీలో వార్తలకు ముందు సగం, వార్తలు విన్నాక మరో సగం వేసుకున్న మనిషి కూడా "నాకు బిళ్ళల అలవాటు లేదమ్మా" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలడు. చెబుతూనే ఉంటాడు.

డాక్టరు చీటీ లేనిదే ఈ బిళ్ళ అమ్మరాదని చట్టం ఉంది. చట్టమంటే మాకు గౌరవం. అందుకే చీటీ ఒకరికి ఉంటే చాలునని సరిపెట్టుకుంటాము. తక్కినవాళ్ళకి ఇరుగుపొరుగు ఎందుకున్నట్టు? ఇంటికి ఎవరైనా వస్తే వెండిపళ్ళెంలో పుల్లచెర్రీల పాకం ఒక చెంచా, గ్లాసుడు చల్లటి నీళ్ళు పెట్టి అందించడం మా తాతలనాటి మర్యాద. ఆ పళ్ళెంలో ఓ పక్కగా సగం బిళ్ళ కూడా ఉంచడం మా కాలంలో పెరిగిన మర్యాద. నాగరికత ముందుకు పోతున్నదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కంగారును పైదేశాలవాళ్ళు జబ్బు అంటారట. మా దగ్గర అది సద్గుణం. పిల్లవాడు బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే పట్నంలో ఉన్న ఆస్పత్రులన్నిటికీ ఫోను చేసే తల్లి ఉత్తమురాలు. బడికి మాత్రమే ఫోను చేసేది మధ్యమురాలు. "వస్తాడులే" అనేది అసలు తల్లే కాదు. తలుపూ కిటికీ ఒకేసారి తెరిచిన గదిలో, ప్రాణాలు తీస్తుందని మేము నమ్మే ఆ ఎదురుగాలి వీపుకు తగిలేలా కూర్చున్న మనిషిని చూసి కెవ్వుమనని వాడికి ప్రేమించడం చేతకాదని అర్థం. ఇలాంటి ప్రేమమూర్తులు నిండిన భవనం మాది. అందులో నాలుగో అంతస్తులో ఉండే వుకొసావా గారి విచిత్రమైన ప్రవర్తన వల్ల ఈ వసంతకాలంలో సంభవించిన ఉపద్రవాన్ని యథాతథంగా మనవి చేసుకుంటున్నాము.

వుకొసావా మొదట్లో అందరిలాంటి మనిషే. మేజోళ్ళ కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆమెకు గుండెల్లో పిచ్చుక చిక్కుకున్నట్టు ఒకటే దడ. కారణం ఉన్నా దడే, లేకపోయినా దడే. భర్త జివాదిన్ బతికి ఉన్న రోజుల్లోనే సగాలు మొదలుపెట్టింది. అతను పోయాక సగాలు పెరిగాయి. భవనంలో ఆమెకు మంచిపేరు ఉండేది. ఎదురింటి ద్రాగోయ్లాకు తెల్లవారుజామున బిళ్ళ కావలసివచ్చినా విసుక్కోకుండా తలుపు తీసి ఇచ్చేది. దానగుణమంటే అలా ఉండాలి.

ఆమె పాడైపోవడానికి మూలకారణం మనవరాలు కలీనా. నాలుగేళ్ళ పిల్ల. కిందటేడు ఓ మధ్యాహ్నం వుకొసావా పిల్లను భవనం వెనక ఉన్న ఆటస్థలానికి తీసుకెళ్ళి, ఉయ్యాల పక్కన బెంచీ మీద కూర్చుని, కూర్చున్నది కూర్చున్నట్టే కునుకు తీసింది. కళ్ళు తెరిచేసరికి ఉయ్యాల ఖాళీ. పిల్ల రోడ్డు దాటి ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడి ఉంది. లారీలు తిరిగే రోడ్డది. రొట్టెల దుకాణం వాడు చెయ్యి పట్టుకుని తిరిగి తీసుకొచ్చాడు గనక సరిపోయింది.

కూతురు బిసెర్కా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అమ్మా, ఆ బిళ్ళా, నా బిడ్డా. రెంటిలో ఏదో ఒకటి చూసుకో," అంది మెల్లిగా. మర్నాటినుంచి పిల్ల ఊరవతల వియ్యపురాలి ఇంటికి పోవడం మొదలుపెట్టింది. అక్కడినుంచి వచ్చి "ఆ మామ్మ నాకు రోజూ అట్లు పోస్తుంది" అని చెప్పింది. ఆ మాట వుకొసావాకు బిళ్ళలు చేరని చోట తగిలింది.

ఆమె ఆరోగ్యకేంద్రంలో కొత్తగా వచ్చిన డాక్టరు తియానా దగ్గరికి వెళ్ళింది. మామూలుగా అందరూ చీటీ కోసం వెళతారు. ఈమె చీటీ వద్దని వెళ్ళింది. ఆ డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడిందని చెప్పుకున్నారు.

"ఒక్కసారిగా మాత్రం మానకండి మామ్మగారూ, ప్రమాదం," అంది డాక్టరు. "ఇన్నేళ్ళుగా ఎక్కిన మెట్లు. దూకేస్తే కాళ్ళు విరుగుతాయి. నేను చెప్పినట్టు ఒక్కొక్కటే దిగండి. నెలలు పట్టనీండి."

అప్పటినుంచి వుకొసావా వంటింట్లో మిరపకాయలు తరిగే కత్తితో సగాన్ని సగం చేసింది. కొన్నాళ్ళకు ఆ సగాన్ని మళ్ళీ సగం. చివరికి చీమ కూడా మోయడానికి సిగ్గుపడేంత నలుసు. చలికాలమంతా చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, గోడ మీది జివాదిన్ ఫోటోతో పాత పోట్లాటలన్నీ మళ్ళీ పోట్లాడింది. డాక్టరు చెప్పినట్టు రోజూ నడిచింది. దడ వచ్చినప్పుడు పారిపోకుండా, ఊపిరి మెల్లిగా వదులుతూ, "రా, కూర్చో, నీకూ కాఫీ కావాలా" అని దాన్ని పలకరించడం నేర్చుకుంది. చెర్రీచెట్లు పూసేనాటికి ఆ నలుసు కూడా మానేసింది. దడ పూర్తిగా పోలేదు. కాకపోతే రావడమూ పోవడమూ తెలిసిన చుట్టంలా తయారయింది. బిసెర్కా తల్లి కళ్ళలోకి చూసి, "సరే, ఒక వారం చూస్తాను," అని పిల్లను తీసుకొచ్చి దింపింది.

ఇంతవరకు ఆమె సొంత వ్యవహారం. ఇక్కడినుంచి ప్రజావ్యవహారం మొదలయింది.

ఆ వారం మొదట్లో ఒకనాడు వుకొసావా, ద్రాగోయ్లా ఉల్లిపాయల సంచులతో లిఫ్టెక్కారు. మా లిఫ్టుకు రెండు అంతస్తుల మధ్య ఆగి ఆలోచించే అలవాటు ఉంది. ఆగింది. ద్రాగోయ్లా సంప్రదాయం ప్రకారం దేవుణ్ణి, అగ్నిమాపకదళాన్ని, చనిపోయిన తల్లిని వరుసగా పిలిచి, రుమాలు ముడి విప్పి సగం వేసుకుంది. రెండో సగం వుకొసావాకు చాచింది.

"వద్దులే," అంది వుకొసావా. ఉల్లిపాయల సంచిని నేల మీద సర్ది దాని మీద కూర్చుంది. "ఎవరో ఒకరు వస్తారులే."

ద్రాగోయ్లా నిర్ఘాంతపోయింది. "ఏమే, నీకేమయింది?"

"ఏమీ కాలేదే."

"అదే అడుగుతున్నా. ఏమీ కాకుండా మనిషన్నది ఇలా ఎలా కూర్చుంటుందీ అని."

లిఫ్టు కదిలింది. ద్రాగోయ్లా బయటపడి ఇంట్లోకి కాదు, నేరుగా మెట్ల మీదికి పరిగెత్తింది. సాయంత్రానికి "వస్తారులే" అన్న మాట కింది చెత్తకుండీల దాకా పాకింది. నిప్పు లేందే పొగ రాదు కదా. మనిషి ఇంత తొణక్కుండా బెణక్కుండా ఉన్నదంటే, జరగబోయేదేదో ముందే తెలిసి ఉండాలి. ఏం జరగబోతోందో తెలియని మనిషి కంగారుపడకుండా ఎలా ఉంటుంది? ఈ తర్కానికి భవనంలో ఎవరూ బదులు చెప్పలేకపోయారు. నిజం చెప్పాలంటే ఎవరూ ప్రయత్నించలేదు.

మరునాడు సాక్ష్యాలు దొరకసాగాయి. వుకొసావా ఇంట్లో తలుపూ కిటికీ రెండూ తెరిచి ఉన్నాయి. కరెంటు బిల్లు వచ్చిన రోజున కూడా ఆమె మెట్ల మీద కూనిరాగం తీసింది. జివాదిన్ మేనత్త కొడుకు ఒకడు రాజధానిలో ఏదో కార్యాలయంలో పనిచేస్తాడని ఎవరికో గుర్తొచ్చింది. అతను అక్కడ కిటికీలు తుడుస్తాడన్న వివరాన్ని, ప్రస్తుతానికి అనవసరమని పక్కన పెట్టారు. పెద్దవాళ్ళ కిటికీలు తుడిచేవాడికి తెలియని రహస్యాలు ఉంటాయా?

ద్రాగోయ్లా కాఫీకప్పులో అడుగున మిగిలే మడ్డిని చూసి జాతకం చెప్పగలదు. కాఫీ వంకన వుకొసావా ఇంటికి వెళ్ళి, ఆమె అటు తిరగ్గానే కప్పు బోర్లించి చూసింది. కప్పు శుభ్రంగా ఉంది. పాము లేదు, దారి లేదు, శత్రువు లేడు. "ముప్పైయేళ్ళుగా కప్పులు చూస్తున్నాను. ఇంత భయంకరమైన కప్పు ఎన్నడూ చూడలేదమ్మా," అని కింద అందరికీ చెప్పింది.

ఇక జనం ఊరుకుంటారా. భూకంపమని ఒకరు, యుద్ధమని ఒకరు, పింఛన్లు ఆపేస్తారని ఒకరు తమ తమ ఇష్టాన్ని బట్టి ఎంచుకున్నారు. దుకాణంలో నూనె, పంచదార, పిండి అయిపోయాయి. ఎవరికీ పనికిరాని పసుపురంగు కొవ్వొత్తులు కూడా అయిపోయాయి. మూడో అంతస్తువాళ్ళు అత్తగారిని పల్లెకు పంపేశారు. ప్రమాదం తప్పిపోయినా ఆమెను తిరిగి తీసుకురాకూడదని కూడా ముందుజాగ్రత్తగా నిర్ణయించుకున్నారు. మందులదుకాణం ముందు బారు రోడ్డు మలుపు తిరిగింది. ఆ బారును చూసి, భవనంతో ఏ సంబంధమూ లేని బాటసారులు కూడా దేనికైనా మంచిదని వెనక నిలబడ్డారు.

మెట్ల మీద ఎవరు ఎదురైనా వుకొసావాను ఒకటే అడిగేవారు. "మా పిల్లల మీద ఒట్టు, మాకొక్కరికే చెప్పు."

"నాకేమీ తెలియదు బాబూ. తెలిస్తే దాస్తానా?"

"చూశారా," అనేవారు ఆమె వెళ్ళిపోయాక. "తెలిసినవాళ్ళెవరైనా తెలుసని చెబుతారా?"

పరిస్థితి చెయ్యి దాటడంతో భవనసంఘం అధ్యక్షులు శ్రీ స్లావొల్యుబ్ గారు, బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసి పదవీవిరమణ చేసిన మహానుభావులు, అత్యవసర సమావేశం ఏర్పాటు చేశారు. బట్టలు ఆరేసే గదిలో, ఎవరివో పరుపుదుప్పట్ల మధ్య, సభ నిండుగా జరిగింది. అది కూతురు ఇచ్చిన గడువులో ఆఖరు రోజు. వుకొసావా మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల దుప్పట్ల మధ్య దూరి ఆడుకోసాగింది. బల్ల మీద వెండిపళ్ళెం, పుల్లచెర్రీల పాకం, నీళ్ళగ్లాసు, నిర్మలమైన ఒక సగం బిళ్ళ సిద్ధంగా ఉన్నాయి.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "గౌరవనీయులైన వుకొసావా గారూ. మనది స్వతంత్ర దేశం. మీ ఇంట్లో, తలుపులు వేసుకుని, కర్టెన్లు దించుకుని, మీరు ఎంత నెమ్మదిగా ఉన్నా అడిగే హక్కు మాకు లేదు. కానీ మెట్లు ఉమ్మడి ఆస్తి. లిఫ్టు ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి స్థలాల్లో ఒక్కరే నిబ్బరంగా ఉండటం తక్కినవారి హక్కులకు భంగం. పసిపిల్లలు చూస్తున్నారు. రేపు వాళ్ళు కూడా నిబ్బరం నేర్చుకుంటే ఈ జాతి ఏమైపోవాలి? మీరు ఈ సగం వేసుకుంటే, మీకూ మాలాగే ఏమీ తెలియదని మాకు నమ్మకం కుదురుతుంది. ఇది మీ కోసం కాదు. మా ఆరోగ్యం కోసం."

చప్పట్లు మోగాయి. ద్రాగోయ్లా కళ్ళొత్తుకుంది. "వేసుకోవే. సగమే కదా. నీ చేత్తో నాకెన్ని ఇచ్చావు, నా చేత్తో ఒకటి పుచ్చుకోలేవా?"

వుకొసావాకు గుండెల్లో పిచ్చుక లేచింది. చాలాకాలానికి, పూర్తి బలంతో లేచింది. ఇంతమంది కళ్ళు, ఆ పళ్ళెం, ఆ తెల్లటి ముక్క. నోట్లో వేసుకుంటే పావుగంటలో అంతా దూదిలా మెత్తబడిపోతుందని ఆమెకు ఇంకా గుర్తుంది. అందరూ మళ్ళీ తన వాళ్ళయిపోతారు. చెయ్యి దాని వైపు కొంచెం కదిలింది కూడా. దుప్పటి వెనకనుంచి "అమ్మమ్మా, నన్ను పట్టుకో" అని కలీనా నవ్వింది.

"నేను వేసుకోను," అంది వుకొసావా. "నాకు భయం లేక కాదు. ఇప్పుడూ కాళ్ళు వణుకుతున్నాయి, చూడండి. కిందటేడు దీన్ని వేసుకుని ఆ వెనకాల బెంచీ మీద నిద్రపోయాను. నా పిల్ల ఒక్కతే రోడ్డు దాటింది. లారీలు తిరిగే రోడ్డు. ఆ రొట్టెలతను చూడకపోతే నేనిక్కడ మీతో మాట్లాడుతూ ఉండేదాన్ని కాదు. దాన్ని మళ్ళీ నా దగ్గరికి పంపాలంటే నేను మెలకువగా ఉండాలి. నాకు తెలిసిన రహస్యం ఇదొక్కటే. ఇంకేం లేదు."

ఒక్క క్షణం సత్యం జయించినట్టే కనిపించింది.

"లారీలా?" అంది ద్రాగోయ్లా, గుండె పట్టుకుని. "అంత పిల్లా? ఒక్కతేనా?" ఆమె రుమాలు ముడి విప్పింది. పక్కావిడ కూడా విప్పింది. ఎవరికి వారు జరగని ఆ ఘోరాన్ని కళ్ళకు కట్టినట్టు చూసుకున్నారు. గదంతా టకటకమని బిళ్ళలు విరిగాయి. అధ్యక్షులవారు తట్టుకోలేక పళ్ళెంలోని సగాన్ని తామే స్వీకరించి, ఎవరో రెండోసారి లారీ అన్న మాట ఎత్తడంతో జేబులోని సొంత సగాన్ని కూడా జతచేసి, సభ ముగిసిందని ప్రకటించారు. వుకొసావా మీద ఎవరికీ కోపం మిగల్లేదు. కంగారుపడడానికి ఆమె వాళ్ళకు వారం రోజులుగా లేని మంచి కారణం ఒకటి చూపించింది. అందరూ ఎవరి ఇళ్ళకు వారు వెళ్ళి, పట్టపగలు, తలుపులూ కిటికీలూ గాలి చొరకుండా బిగించుకుని, హాయిగా నిద్రపోయారు.

వుకొసావా ఒక్కతే మనవరాలిని తీసుకుని ఆటస్థలానికి వెళ్ళింది. మధ్యాహ్నం దాటాక అక్కడికి రెండు లారీలు, ఒక తవ్వే యంత్రం, ఎర్రటోపీ మేస్త్రీ ఒకడు వచ్చారు. ఎవరో కాంట్రాక్టరు తాలూకు మనుషులు. రాగానే జారుడుబల్లను పెకలించారు.

"ఏం చేస్తున్నారు నాయనా?" అంది వుకొసావా లేచి.

"కొత్త దుకాణానికి కార్లు నిలిపే స్థలం మామ్మా. భవనంవాళ్ళకి అభ్యంతరముంటే ఇవాళే చెప్పాలన్నారు. మేము ఇందాక ప్రతి ఇంటి బెల్లూ కొట్టాము. ఒక్కరూ పలకలేదు."

"పడుకున్నారు."

"అందరూనా? ఈ వేళప్పుడా? ఒంట్లో బాగోలేదా?"

"మనసు బాగోలేదు. ఏదో జరుగుతుందేమోనని."

మేస్త్రీ సానుభూతితో తల ఊపి, యంత్రం వాడికి చెయ్యి ఊపాడు. వుకొసావా పిల్లను చంకనెత్తుకుని భవనంలోకి పరిగెత్తింది. ద్రాగోయ్లా తలుపు బాదింది. లోపలినుంచి గురక వచ్చింది. అధ్యక్షులవారి తలుపు బాదింది. ఆయన తలుపు ఓరగా తీసి, అరమోడ్పు కళ్ళతో, "అంతా సర్దుకుంటుంది వుకొసావా గారూ," అని మృదువుగా సెలవిచ్చి మళ్ళీ వేసుకున్నారు. మనిషికి అంత నిబ్బరం ఎక్కడినుంచి వచ్చిందని మాత్రం ఆయన్ను ఎవరూ అడగలేదు.

ఆమె తిరిగి వెళ్ళేసరికి బెంచీలు లేవు, చింపిరిగా ఉన్న పూలపొదలు లేవు, రెండు చెట్లు నేల మీద ఉన్నాయి. ఉయ్యాల ఒక్కటే మిగిలింది. వుకొసావా దాని మీద కూర్చుని పిల్లను ఒళ్ళో పెట్టుకుంది.

"లేవండి మామ్మా," అన్నాడు మేస్త్రీ.

"లేవను."

"ఎంతసేపు కూర్చుంటారు?"

"ఇదివరకైతే కునుకు వచ్చేది. ఇప్పుడు రాదు. నీ ఓపిక."

గుండె దడదడలాడుతూనే ఉంది. ఊపిరి మెల్లిగా వదులుతూ ఊగింది. మేస్త్రీ కాసేపు ఎదురు చూసి, ఇంకాసేపు తిట్టుకుని, పని వేళ అయిపోగానే మనుషులతో వెళ్ళిపోయాడు. బిసెర్కా వచ్చేసరికి చదునైన మట్టిలో ఉయ్యాల ఒక్కటే, దాని మీద అమ్మమ్మా మనవరాలూ ఒళ్ళంతా దుమ్ముతో ఊగుతున్నారు. బిసెర్కా తల్లి ముఖాన్ని చాలాసేపు చూసింది. "రేపు పొద్దున్నే దింపుతానమ్మా. ఎల్లుండి కూడా," అంది. వుకొసావా ఏడ్చింది. దానికి ఆమె దగ్గర మందు లేదు, అక్కర కూడా లేకపోయింది.

సాయంత్రం భవనం మేలుకుని కిటికీలు తెరిచింది. కింద ఆటస్థలం లేదు. అందరి నోటా ఒకే మాట వచ్చింది.

"చెప్పలేదూ, ఆవిడకు ముందే తెలుసని?" అంది ద్రాగోయ్లా. "తెలియకపోతే పట్టపగలు మెలకువగా ఎందుకుంది?"

సంఘం మళ్ళీ సమావేశమై, జరగబోయేది తెలిసి కూడా ఇరుగుపొరుగుకు చెప్పనందుకు వుకొసావా గారిని ఏకగ్రీవంగా గర్హించింది. ఉయ్యాలను మాత్రం కాపాడుకుని జారుడుబల్లను వదిలేయడంలో ఆమె స్వార్థం ఏమిటో తేల్చడానికి ఒక ఉపసంఘాన్ని నియమించింది. ఆ ఉపసంఘం సభ్యులందరికీ నిద్ర చాలకపోవడం వల్ల ఇంతవరకు సమావేశం కాలేదు.

ఇక పాఠక మహాశయులకు మా విన్నపం ఒకటి. ఇంత ఘోరాన్నీ మీరు మొదటినుంచి చివరిదాకా కుర్చీలోంచి లేవకుండా, చిరునవ్వు కూడా చెరగకుండా చదివారు. మీ ఇంటి వెనక ఏమి తవ్వుతున్నారో చూద్దామని ఒక్కసారైనా కిటికీ దాకా వెళ్ళలేదు. ఇంత నిబ్బరానికి కారణాలు రెండే ఉండాలి. మీకేదో ముందే తెలిసి ఉండాలి, లేదా మీరు ఇప్పటికే వేసుకుని ఉండాలి. మొదటిదైతే మర్యాదగా చెప్పండి. రెండోదైతే లేపినందుకు క్షమించి, పడుకోండి.